పడవ నూనె పూసిన పుస్తకాల గది

ఢిల్లీబాబు పదో తరగతి లెక్కల పరీక్ష మధ్యలో లేచి బయటికి వచ్చేశాడు. ఎందుకొచ్చేశావని అడిగినవాళ్లకి ఈ పాతికేళ్లలో పాతిక కారణాలు చెప్పాడు. పేపరు మీద నాగుపాము పాకిందన్నాడు. కాపలా మాస్టారే తన జవాబులు చూసి రాసుకుంటుంటే అసహ్యం వేసిందన్నాడు. ఇవన్నీ విన్న పలాస, కాశీబుగ్గ జనం ఒక్కటి మాత్రం తేల్చుకున్నారు: వీడి నోట నిజం రావాలంటే ముందు మత్తుసూది ఇవ్వాలి.

నోటి సంగతి అది. చేతి సంగతి వేరు. అక్కుపల్లి ఒడ్డున వేట చేసుకునే గున్నయ్యకి ఒక్కగానొక్క కొడుకు. సముద్రం వాంతి తెప్పిస్తోందని ఉలి పట్టాడు. గోవా వెళ్లి రిసార్టుల్లో పన్నెండేళ్లు చెక్కపని చేశాడు. తిరిగొచ్చి కాశీబుగ్గలో బోర్డు కట్టాడు: ‘ఢిల్లీ ఇంటీరియర్స్. దొర బంగ్లా మోడల్ మా ప్రత్యేకత.’ దొర బంగ్లా అంటే పేము కుర్చీలు, రెక్కల కిటికీలు, నలుపూ తెలుపూ గళ్ల నేల, నెమ్మదిగా తిరిగే ఇత్తడి ఫ్యాను, గోడ నిండా అరటాకుల బొమ్మ కాగితం. పెరట్లో అసలైన అరటిచెట్లు నరికించి మరీ ఆ కాగితం అంటించుకున్న ఇళ్లు ఊళ్లో నాలుగున్నాయి. నాలుగూ అతను చేసినవే. గోవాలో తాను కట్టిన గదికి ఒక చిరుతపులి రోజూ వచ్చి పేము కుర్చీలో పడుకునేదనీ, కుర్చీ అంత సుఖంగా ఉండేదనీ చెబితే, నమ్మకపోయినా జనం ఆ కుర్చీనే అడిగేవారు.

ఐదో ఇల్లు వైకుంఠరావుది. జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉంది, మునిసిపల్ ఛైర్మన్ కుర్చీ మీద కన్ను ఉంది. ఎదుటి పార్టీ ఆయన టీవీ వాళ్లతో మాట్లాడేటప్పుడు వెనకాల చేపల తొట్టి కనిపిస్తుందట. ఈయనకి పుస్తకాలు కనపడాలి. శ్రీకాకుళం పాత పేపర్ల కొట్లో అట్టల రంగు చూసి ఏరిన పుస్తకాలు రెండు ఆటోల్లో దిగాయి. వాటికి నేల నుంచి కప్పు దాకా అలమరాలు, పై అరలు అందుకోవడానికి చక్రాల నిచ్చెన, కిటికీ పక్కన కూర్చుని చదువుకునే చెక్క అరుగు. అన్నీ పనస చెక్క. తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కూలిన పనస చెట్ల దుంగలు ఢిల్లీబాబు అప్పట్లోనే కొని పడేశాడు.

“ఏరా ఢిల్లీ, ఎన్నేళ్లుంటాదిరా ఇది?”

“బాబూ, మీ మునిమనవడు ఛైర్మన్ అయినపుడు కూడా దీన్నానుకునే ఫొటో తీయించుకుంటాడు.”

“ముందు నాను అవ్వాల కదరా.”

గది తెరవడానికి వైశాఖంలో ముహూర్తం పెట్టారు. దానికింకా పదిహేను రోజులుందనగా ఢిల్లీబాబు కింద అరలో తెల్లటి పిండి చూశాడు. వేలితో తుడిచాడు. మర్నాడు మళ్లీ అంతే పిండి. చెవి ఆనించి విన్నాడు. లోపల ఎవరో పళ్లు నూరుతున్నట్టు చిన్న చప్పుడు. దుంగల్లోనే పుచ్చు పురుగు ఉంది. మునిమనవడి దాకా ఎందుకు, మూడేళ్లలో అలమర అట్టపెట్టె అయిపోతుంది. అతని పేరు దానికంటే ముందే పోతుంది.

మందులు కొట్టాడు. సూది పెట్టి కిరసనాయిలు పోశాడు. పిండి రాలుతూనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, నలభై ఏళ్లుగా ఉప్పునీళ్లలో నానుతూ ఒక్క పురుగు కూడా ముట్టని చెక్క ఒకటి తనింటి ముందే ఉందని.

ఒడ్డున ఇప్పుడన్నీ ఫైబరు బోట్లే. గున్నయ్య ఒక్కడే ఆ పాత చెక్క నావని కూతురిని చూసుకున్నట్టు చూసుకుంటాడు. కొడుకు వచ్చేసరికి వల అల్లుకుంటున్నాడు.

“అయ్యా, నావకి పూస్తావే, పిక్కల పెంకు పిండిన ఆ జీడినూనె ఓ రెండు డబ్బాలు కావాల.”

“మల్లీ ఏటకి ఎల్తావేటి?”

“కాదు. పుస్తకాల అలమరాలకి.”

గున్నయ్య వల కింద పెట్టి మరీ నవ్వాడు. “పుత్తకాల్ని సముద్రంలోకి తోల్తావేటిరా?” నవ్వు ఆగాక కొడుకు మొహం చూశాడు. వేళాకోళం కాదని తెలిసింది. “ఒరే, పూసిన నావని నెల్లాల్లు ఎండలో బోర్లిత్తాం. పిల్లా గుంటా ముట్టకుండా సుట్టూ ముల్లకంప ఏత్తాం. ఎండకి మాడి, ఉప్పుగాలికి బిగిత్తే గానీ దాని ఇసం సావదు. నీ గదిలో ఎండేదిరా?”

“ఏసీ ఉందిలే అయ్యా.”

“సల్లగుంటాదా?”

“మంచులా ఉంటాది.”

“అయితే ఇసం బతికే ఉంటాది,” అన్నాడు గున్నయ్య. డబ్బాలు చూపించాడు గానీ తన చేత్తో అందించలేదు.

ఢిల్లీబాబు మూడు రోజులు పూశాడు. మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుని, పైన రబ్బరు తొడుగులేసుకుని, పనివాళ్లనెవరినీ లోపలికి రానివ్వకుండా ఒక్కడే పూశాడు. అలమరాలకి, నిచ్చెనకి, చివరికి కిటికీ అరుగుకి కూడా. పనస చెక్క పసుపు రంగు పోయి వందేళ్ల నాటి టేకులా నల్లగా నిగనిగలాడింది. పలాసలో ఆ వాసన ఎవరికీ పట్టలేదు. పిక్కల ఫ్యాక్టరీల పొగలో పుట్టి పెరిగిన ముక్కులకి అది గాలి వాసనే. నూనె మీద రెండు పూతలు పాలిష్ కొట్టాడు. పిండి రాలడం ఆగిపోయింది. లోపలి చప్పుడు ఆగిపోయింది. అతని కుడిచేతి తొడుగు ఎక్కడో చిరిగినట్టుంది, మణికట్టు నుంచి మోచేతి దాకా పొక్కులు లేచాయి. బొగ్గుల పొయ్యి దగ్గర తేలు తరిమిందని చెప్పాడు. ఎవరూ అడగకుండానే చెప్పాడు.

ముహూర్తం రోజున ఊరంతా వచ్చి నోరు తెరిచింది. ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. అంత ఖరీదైన గదిలో చేతులు వెనక్కి కట్టుకోవడమే మర్యాద అనుకున్నారు. ముట్టుకున్నది ఒక్కర్తే. వైకుంఠరావు కూతురు యామిని, పదకొండేళ్ల పిల్ల. ఆ రెండు ఆటోల పుస్తకాలు చదవడానికని అనుకున్న మనిషి ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే. వేసవి సెలవులు. పొద్దున్నే వెళ్లి చేతుల్లేని గౌనుతో కిటికీ అరుగు మీద బోర్లా పడుకుంటే భోజనానికి పిలిస్తే గానీ లేచేది కాదు.

మూడో రోజున కిటికీ రెక్క బిగించడానికి ఢిల్లీబాబు వెళ్లాడు. పిల్ల అలమర మీద వేలు పెట్టి చూపించింది. “అంకుల్, చూడండి, దీనికి చెమట పడుతోంది.”

నిజంగానే పాలిష్ చీల్చుకుని నల్లటి చుక్కలు బయటికొచ్చాయి. ఆవగింజంత చుక్కలు, వరసగా.

“అన్ని పుత్తకాలు మోత్తంది కదమ్మా, చెమట పట్టదేటి?” అన్నాడు. పిల్ల నవ్వింది. ఆ వేలితోనే కన్ను నులుముకుంది.

అతను గుడ్డ కిరసనాయిల్లో ముంచి చుక్కలన్నీ తుడిచాడు. ఇంటికెళ్తూ వెనక్కి తిరిగి చూడలేదు. పిల్లని ఆ గదిలోంచి లేవమని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ ఒక్కమాట వెనకాల వంద ప్రశ్నలొస్తాయి. ఎన్ని ప్రశ్నలకైనా అబద్ధం చెప్పగల నోరు ఆ రోజు ఆ ఒక్కమాట అనలేకపోయింది.

రెండు రోజుల తర్వాత టీ కొట్టు దగ్గర విన్నాడు.

“వైకుంఠరావుగారి గుంటకి అమ్మోరు పోసిందంట బావా. ముకం నిండా పొక్కులంట. కళ్లు మూసుకుపోయాయంట.”

ఢిల్లీబాబు గ్లాసు కింద పెట్టాడు. ఆ రోజంతా దుకాణం తీయలేదు. మర్నాడు మందస బస్సెక్కి కూర్చున్నాడు. అక్కడి నుంచి ఒరిస్సా, ఒరిస్సా నుంచి ఎక్కడికైనా. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు అదే మాట్లాడుకుంటున్నారు.

“ఎండలు మండిపోతన్నాయి కదా, గుంటని ఎక్కడ పడుకోబెట్టారో?”

“కొత్త పుత్తకాల గది నేదేటి? సల్లగా, సీకటిగా ఉంటాదని అందులోనే పడుకోబెట్టారంట. ఏపాకులు పరిసీసి.”

బస్సు కదులుతుండగా దూకాడు. మోకాలు చీరుకుంది.

వైకుంఠరావు ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. పుస్తకాల గది కిటికీ రెక్కలన్నీ మూసేశారు. లోపల అరుగు మీద, వేపాకుల మీద యామిని. పిల్ల మొహం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. కళ్లున్న చోట రెండు గీతలు. ఊపిరి తీస్తుంటే గొంతులో చిన్న ఈల. తల్లి లక్ష్మీకుమారి నేల మీద కూర్చుని విసనకర్రతో విసురుతోంది. వైకుంఠరావు తల్లి పైడితల్లి గుమ్మం దగ్గర పసుపునీళ్ల చెంబుతో నిలబడి ఉంది. ఆ ఇంట్లో ఆవిడ మాట దాటి ఈగ కూడా వాలదు.

“మామ్మగారూ, అది అమ్మోరు కాదు,” అన్నాడు ఢిల్లీబాబు. “నాను పూసిన నూనె. జీడినూనె, నావకి పూసీది. ఈ చెక్కలకంతా పూసాను. గుంటని ఈ గదిలోంచి తీసీండి. ఆస్పత్రికి తీసుకెల్లండి.”

 వైకుంఠరావు అతని వైపు జాలిగా చూశాడు.

“నా ఫ్యాక్టరీలో రెండొందల మంది ఆడోల్లు రోజూ పిక్కలు కొడతారు. సేతులు నల్లబడతాయి గానీ ఒక్కదానికీ ముకం ఇలాగవ్వలేదు. జీడి సంగతి నాకు నువ్వు సెప్తావేట్రా?”

“ఆల్లు బూడిద రాసుకుంటారు బాబూ. ఈ గుంట దాని మీద పడుకుంది. రోజంతా.”

లక్ష్మీకుమారి విసరడం ఆపింది. “నిజమేనేటి ఈడు సెప్పింది?”

“నిజం ఈడి నోట్లోంచా?” అంది పైడితల్లి. “మొన్న పులి కుర్సీలో పడుకుందన్నాడు. అమ్మోరు ఇంటికొచ్చిన ఏల కోతలేట్రా? ఎల్లి నోరు కడుక్కో.”

ఢిల్లీబాబు చొక్కా చేయి పైకి లాగి కుడిచెయ్యి చాపాడు. పొక్కులు పగిలి, నల్లగా చెక్కు కట్టి ఉంది. “ఇదిగో. సూడండి. అదే ఇది.”

పైడితల్లి చెంబు కింద పెట్టింది. రెండు చేతులూ జోడించింది. “తల్లీ! ఈడికీ పోసినావా!”

ఢిల్లీబాబు జీవితంలో మొదటిసారి నిజం చెప్పాడు. దానికి ఆ ఇంట్లో చోటు దొరకలేదు. అరుగు మీద పిల్ల గొంతులో ఈల ఇంకొంచెం సన్నబడింది. ఇక అతనికి మిగిలింది తనకి చేతనైన పనే.

అతను ఊగడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు, తర్వాత తల. నాలుక బయటపెట్టి, జుట్టు విదిలించి, తన పెద్దమ్మ పూనకంలో అరిచే గొంతు తెచ్చుకున్నాడు.

“నన్నీ సీకటి కొట్లో ఎవుర్రా పడీసారు? నాకు గాలి కావాల! నా బిడ్డని వసారాలోకి తీసుకెల్లండి! ఇప్పుడే! ఒల్లంతా సబ్బుతో కడగండి, కొబ్బరినూనె రాయండి!”

పైడితల్లి నేల మీద పడి మొక్కింది. “తప్పయిపోయింది తల్లీ. ఇంకేటి సెయ్యాల?”

“తెల్లకోటేసుకున్న నా బిడ్డొకడు ఆస్పత్రిలో ఉన్నాడు! ఆణ్ణి నానే పంపాను! ఆడు సూదిత్తే నా సెయ్యి అనుకోండి!”

అమ్మవారు డాక్టరుని సిఫారసు చేయడం ఆ ప్రాంతంలో అదే మొదలు. అయినా ఎవరూ అనుమానించలేదు. పిల్లని దుప్పటితో ఎత్తి వసారాలోకి తీసుకెళ్లారు. ఇద్దరు డాక్టరు కోసం పరుగెత్తారు. అక్కడితో ఆపితే బాగుండేది. ఇంకెవరూ ఈ గదిలో కాలు పెట్టకుండా చేద్దామని, ఊగుతూనే ఇంకో మాట విసిరాడు.

“ఈ గది నాది! తలుపులు మూసీండి!”

తలుపులు మూయమన్న మాట ఎవరికీ గుర్తులేదు. ఈ గది నాది అన్నది మాత్రం సాయంత్రానికల్లా టెక్కలి దాటింది.

యామినికి ఆరో రోజున కళ్లు తెరుచుకున్నాయి. పదిహేనో రోజుకి మొహం మీద మచ్చలు తప్ప ఏమీ మిగల్లేదు. అది చూడడానికి వచ్చినవాళ్లు గదిని కూడా చూస్తామన్నారు. వైకుంఠరావు కాదనలేదు. పుస్తకాల మధ్య అరలో పసుపు రాసిన ఘటం పెట్టించాడు. శుక్రవారం శుక్రవారం జనాన్ని రానిచ్చాడు. మందస నుంచి బస్సులెక్కి వచ్చారు. నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్లు రోజు కూలి వదులుకుని వచ్చారు. గుమ్మంలో దండం పెట్టి, అలమరకి అరచేయి ఆనించి వెళ్లేవారు. మర్నాడు అరచేతిలో పొక్కు లేస్తే అమ్మవారు ముట్టుకుందని మురిసిపోయేవారు. లేవనివాళ్లు తమలో ఏ పాపం ఉందోనని ఏడ్చేవారు. టీవీ వాళ్లు వచ్చారు. వైకుంఠరావు వెనకాల పుస్తకాలు కనిపించాయి, పుస్తకాల ముందు జనం కనిపించారు.

ఢిల్లీబాబు ఊళ్లో తిరగడం మానేశాడు. ఎవరు ఎదురైనా కాళ్లకి దండం పెడుతున్నారు. అది జీడినూనెరా బాబూ అని నలుగురితో అన్నాడు. అమ్మోరు ఆడి మీద ఎలా ఆడుకుంటోందో చూడండని వాళ్లు లెంపలేసుకున్నారు. అతనికున్న ధైర్యం ఒక్కటే: నూనె ఎప్పటికైనా ఎండుతుంది. వానలు పడే నాటికి నిజంగానే పొక్కులు తగ్గాయి. రెండు శుక్రవారాలు ఎవరికీ ఏమీ లేవలేదు. అమ్మవారు అలిగిందని జనం గొణుక్కున్నారు. ఢిల్లీబాబు ఆ రెండు వారాలూ కడుపునిండా తిన్నాడు.

మూడో శుక్రవారం పొద్దున్నే వైకుంఠరావు రెండోసారి కబురు పంపాడు. పెరటి తోవన రమ్మన్నాడు. వెళ్లేసరికి ముందు గేటు బయట జనం గోల వినిపిస్తోంది. వైకుంఠరావు పుస్తకాల గదిలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. చేతులకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. పక్కన ఇరవై లీటర్ల డబ్బా, మీద తన ఫ్యాక్టరీ పేరు.

“నిన్న సాయంత్రం కబురెడితే రాలేదు. నానే పూసీసాను,” అన్నాడు. “మెరుపు రాలేదురా. నువ్వు పైన ఏదో కొడతావు కదా, అది ఓ పూత కొట్టీ.”

అలమరాల మీద నూనె ఆరలేదు. కిరసనాయిలు కలపని, కాచని, మిల్లులోంచి పట్టుకొచ్చిన పచ్చి నూనె. అరల అంచుల నుంచి కారి గళ్ల నేల మీద మడుగు కట్టింది. గున్నయ్య నావకి పూసేది దీని ముందు పానకం.

“మీకు తెలుసా?” అన్నాడు ఢిల్లీబాబు.

“గుంటని బయటికి తీసిన మూడో రోజుకే పొక్కులు తగ్గుముకం పట్టినాయి. నాకామాత్రం తెలీదేట్రా? జీడి యాపారం మా తాత నుంచీ.”

“మీ గుంట సావు తప్పించుకుంది బాబూ.”

“నా గుంట బాగుందిగా. ఎలచ్చన్లు మూడు నెలల్లో ఉన్నాయి.” వైకుంఠరావు తొడుగులు జాగ్రత్తగా, తిరగేసి, వేలు తగలకుండా తీశాడు. “నువ్వు కాదంటే నా కూతుర్ని ఇలా సేసింది ఎవులో నాను సెప్పాల్సొస్తాది. ఈ జనానికే సెప్తాను. ఆలోసించుకో.”

అంటూనే వెళ్లి వీధి తలుపు గడియ తీశాడు.

ఆలోచించుకోవడానికి ఢిల్లీబాబుకి జనం వరుస గుమ్మం దాటేంత వ్యవధి దొరికింది. అతను ఆలోచించలేదు. గుమ్మానికీ అలమరకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

“అమ్మోరు ఎల్లిపోయింది!” అని అరిచాడు. పూనకం గొంతు రాలేదు, మామూలు గొంతే వచ్చింది. “ఇక్కడ లేదు! అందరూ ఎల్లిపొండి!”

“అదేటి? నిన్ననే మా వూళ్లో రత్నాలమ్మ మీదికొచ్చి ఇక్కడే ఉన్నానంది,” అంది ముందున్న ఆమె. చంకలో ఏడాది నిండని పాప ఉంది. పాప అరచేయి తెరిచి, తన వేళ్లతో పట్టుకుని అలమర వైపు చాచింది. “ఈ గుంటకి పుట్టిన కాడ్నించీ ఆయాసం బాబూ. ఒక్కసారి తాకించనీ.”

ఢిల్లీబాబు ఆ చిన్న చేతిని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. అలమరకీ ఆ వేళ్లకీ మధ్య జానెడు లేదు.

“వొగ్గీ,” అంది ఆమె. “నువ్వు తాకి బాగుపడ్డావు కాదేటి? మా గుంటకొద్దా?”

“బాబుగారూ, ఈడేటి అడ్డం నిలబడ్డాడు?” వెనకాల ఎవరో మగవాడు అడిగాడు.

“ఈడు మత్తులో ఉన్నాడు,” అంది తలుపు దగ్గర నుంచి వైకుంఠరావు గొంతు, చాలా నెమ్మదిగా. “మీరే సూసుకోండి.”

పాప ఏడవడం మొదలుపెట్టింది. ఢిల్లీబాబు చెయ్యి వదల్లేదు. వెనక వరుస ముందుకు తోసింది. అతని వీపు తడి చెక్కకి ఆనింది. చొక్కా గుండా నూనె దిగడం తెలిసింది. అయినా చెయ్యి వదల్లేదు.